కుడిచేతిలో ఉన్నదేమిటి?

మా ఇంట్లో పొయ్యిలోకీ పూజగదిలోకీ ఒకే కొయ్య వెళ్లేది. తాత, నాన్న బొమ్మలు చెక్కేవారు. మాది ఏర్పేడు దగ్గరి మాధవమాల. ఆ ఊళ్లో కొయ్య చెక్కే పని తరాలుగా ఉంది. నేను పుట్టేనాటికే మా వాళ్లు తిరుపతికి వచ్చేశారు, యాత్రికులు కొనేది ఇక్కడే కాబట్టి. తెల్లవారకముందే వసారాలో ఉలి చప్పుడు మొదలయ్యేది. వేంకటేశ్వరుడు, పద్మావతి, వినాయకుడు, వేణువు పట్టిన కృష్ణుడు వరుసగా గోడకు ఆనుకుని నిలబడేవారు, కొందరికి ముఖాలుండేవి, కొందరికి ఇంకా ఉండేవి కావు. బాడిశ దెబ్బకు రాలిన పేళ్లు, చిత్రిక పట్టినప్పుడు వచ్చిన చుట్టలు అమ్మ గంపకెత్తి వంటింట్లోకి తీసుకుపోయేది. ఎర్రచందనం పొట్టును మాత్రం అవ్వ వేరే డబ్బాలో దాచేది. పసిబిడ్డలకు అరగదీసి పూయడానికి ఇరుగుపొరుగువారు అడిగి తీసుకెళ్లేవారు. మిగిలిన వేప, టేకు ముక్కలన్నీ రాగిసంగటికి మంటయ్యేవి.

ఇందులో ఆలోచించవలసిన సంగతి ఉందని మాలో ఎవరికీ తోచలేదు. యూదా దేశపు ప్రవక్త ఒకాయన వేల ఏళ్ల కిందటే మా వసారానూ వంటింటినీ కలిపి చూసినట్టు రాసిపెట్టాడని నాకు ఎనిమిదో తరగతిలో తెలిసింది.

మా సందు చివర ఇంట్లో టీచరమ్మ ఉండేవారు. మిషన్ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ పోయాయి. సాయంత్రాలు వచ్చి తనకు బైబిలు చదివి పెట్టమని అమ్మను అడిగారు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "పిల్లవాడికి తెలుగు బాగుపడుతుంది" అని పంపింది. నిజంగానే బాగుపడింది. ఆ పాత గ్రాంథిక వాక్యాలు తడబడకుండా చదవాలంటే ఊపిరి ఎక్కడ ఆపాలో ముందే చూసుకోవాలి. ఒత్తు జారితే టీచరమ్మ చేయి ఎత్తేవారు. మళ్లీ మొదటి నుంచి చదవాలి. చివర ఒక బొరుగుల ఉండ చేతిలో పెట్టేవారు.

తిరుపతిలో లూథరన్ మిషన్ వారి బడికి ఒక గొప్ప విద్యార్థి ఉన్నాడని ఆమె తరచూ చెప్పేవారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1896 నుంచి 1900 వరకు అక్కడ చదువుకున్నారు. క్రైస్తవ విమర్శకుల సవాలే తనను హిందూ గ్రంథాలు లోతుగా చదివేలా చేసిందని ఆయన తరువాతి కాలంలో రాసుకున్నారు. ఈ మాట చెప్పి టీచరమ్మ, "విమర్శ మంచిదే నాయనా, విన్నవాడు తన ఇంట్లోకి తాను చూసుకుంటే" అనేవారు. అది తన మతంవారికి కూడా చెప్పుకుంటున్న మాటని నాకు చాలా తరువాత అర్థమైంది.

యెషయా గ్రంథం నలభై నాలుగో అధ్యాయం చదివిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మొదట కమ్మరి వస్తాడు. నిప్పుల మీద పని చేస్తాడు, ఆకలితో బలం తగ్గిపోతుంది, నీళ్లు తాగక సొమ్మసిల్లుతాడు. తరువాత వడ్రంగి. నూలు వేసి గీత గీస్తాడు, చిత్రిక పడతాడు, మనిషి రూపం తెస్తాడు. అడవిలో చెట్టు నాటుతాడు, వాన దాన్ని పెంచుతుంది. నరికిన చెట్టులో సగం కాల్చి చలి కాచుకుంటాడు, దాని మీదే రొట్టె కాల్చుకుంటాడు, మాంసం వండుకుని తృప్తిగా తింటాడు. మిగిలిన సగాన్ని దేవుడిగా చేసి, దాని ముందు సాగిలపడి "నన్ను రక్షించు" అంటాడు.

నా గొంతు అక్కడ ఆగిపోయింది. గంప, పొయ్యి, గోడకు ఆనుకున్న వినాయకుడు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. మా తాతను ఎవరో నడివీధిలో నిలబెట్టి అడిగినట్టు ఒళ్లంతా మండిపోయింది. టీచరమ్మ ఆపమనలేదు, చదవమనలేదు. "ఇంటికి వెళ్లి మీ తాతగారికి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు" అన్నారు.

చెప్పాను. తాత ఉలి పక్కన పెట్టి మొత్తం విన్నాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను. ఆయన కమ్మరి ఆకలి దగ్గర ఆగాడు. "నీళ్లు తాగక సొమ్మసిల్లాడని రాశాడా? అయితే ఆయన పనివాడి పక్కన కూర్చున్నవాడే. దూరం నుంచి చూసినవాడికి ఆ సంగతి తెలియదు" అన్నాడు. మరుసటి సాయంత్రం చేతులు కడుక్కుని, భుజం మీద తుండు సర్దుకుని నాతో పాటు బయలుదేరాడు.

"టీచరమ్మగారూ, మీ గ్రంథంలో మా పనిని తిట్టారని పిల్లవాడు చెప్పాడు."

"పనిని తిట్టాడో, పనివాడి పరధ్యానాన్ని తిట్టాడో మీరే విని చెప్పండి ఆచారిగారూ."

నేను మళ్లీ చదివాను. ఈసారి చివరి దాకా వెళ్లాను. పందొమ్మిదో వచనంలో ప్రవక్త చేసే ఫిర్యాదు, వాడు ఆలోచించడని. సగం కాల్చాను, దాని నిప్పుల మీద రొట్టె చేసుకున్నాను, మిగిలినదానికి మొక్కడమేమిటి అని ఒక్కసారి కూడా లోపలికి తిరిగి అడగడని. ఇరవయ్యో వచనంలో, వాడు బూడిద తింటున్నాడు, మోసపోయిన మనసు వాణ్ని దారి తప్పించింది, "నా కుడిచేతిలో ఉన్నది అబద్ధం కదా" అని వాడు అనుకోడు, అని ఉంది.

తాత తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. ఉలి పట్టి పట్టి బొటనవేలి దగ్గర కాయ కాచిన చేయి. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "బూడిద మాట మా భాగవతంలోనూ ఉంది టీచరమ్మగారూ" అన్నాడు.

మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెప్పే మాటలవి. కపిలతీర్థానికి పేరిచ్చిన మహర్షే కాబట్టి తాతకు ఆయన సొంత ఊరి మనిషి. గోవిందరాజస్వామి గుడిలో పురాణం విని విని నేర్చుకున్న శ్లోకాలు ఆయనకు నోటికి వచ్చు. అన్ని ప్రాణుల్లోనూ ఆత్మగా నేను ఉన్నాను, నన్ను అక్కడ అవమానించి మనిషి చేసే అర్చన వట్టి విడంబనం అంటాడు కపిలుడు. ప్రాణుల్లో ఉన్న నన్ను వదిలి మౌఢ్యంతో ప్రతిమనే కొలిచేవాడు "భస్మన్యేవ జుహోతి సః", బూడిదలో హోమం చేస్తున్నాడు అంటాడు. శ్లోకం తాత గొంతులో పలికినప్పుడు టీచరమ్మ ముందుకు వంగి విన్నారు. "మళ్లీ చెప్పండి" అన్నారు. మళ్లీ చెప్పాడు.

ఒకాయన బూడిద తింటున్నాడన్నాడు, ఇంకొకాయన బూడిదలో నెయ్యి పోస్తున్నాడన్నాడు. ఈ రెండు గ్రంథాలూ ఒకటేనని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆ తొందర వాళ్లకు లేదు. అదే నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. సర్వమతాలూ ఒకటేనని ఒక్క ముక్కలో తేల్చేసి లేచిపోయేవాళ్లకు దేన్నీ పూర్తిగా వినే అవసరం ఉండదు. తాత వాదించాడు కూడా. కపిలుడు అక్కడితో ఆగలేదనీ, సర్వభూతాల్లో ఉన్న నన్ను తన హృదయంలో తెలుసుకునేంతవరకు మనిషి తన పని తాను చేసుకుంటూ ప్రతిమలో నన్ను అర్చించాలని కూడా చెప్పాడనీ గుర్తుచేశాడు. "స్వహృది అన్నాడమ్మా. తన హృదయంలో. అక్కడిదాకా చేర్చడానికే ఈ కొయ్య." టీచరమ్మ దానికి ఒప్పుకోలేదు. "చేరినవాళ్లెందరు? మధ్యలో కూర్చుండిపోయినవాళ్లెందరు?" అని అడిగారు. "అది నిజమే" అన్నాడు తాత. ఆ రాత్రి ఆయన ఉలి పట్టలేదు. పొద్దున్నే మళ్లీ పట్టాడు.

తరువాత ఆమె మా వసారాకు వచ్చి, సగం చెక్కిన వినాయకుణ్ని తాకి చూడవచ్చా అని అడగడం కూడా చెప్పాలి. నాన్న కొంచెం వెనకాడాడు. తాత బొమ్మను తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టాడు. వేళ్లు కిరీటం నుంచి తొండం మీదుగా మెల్లగా దిగాయి. చెవుల దగ్గర ఆగాయి, రెండు వైపులా మార్చి మార్చి చూశాయి. "కుడిచెవి కొంచెం కిందికి వచ్చింది ఆచారిగారూ" అన్నారు. వచ్చింది. నాన్నకు కనపడలేదు, తాతకు కనపడలేదు. తాత అప్పటికప్పుడు దిద్దాడు. ఆమె నమస్కరించలేదు, మేమూ ఎదురుచూడలేదు. చెక్కినవాడి శ్రద్ధ ఎంతో వేళ్లకు తెలిసిందని మాత్రం చెప్పారు.

బైబిలులోని నూట పదిహేనో కీర్తన దగ్గరకు వచ్చేసరికి నాకు మండటం తగ్గి వినడం అలవాటైంది. "వాటికి నోరుండియు పలుకవు, కన్నులుండియు చూడవు, చెవులుండియు వినవు." చదువుతూ చదువుతూ నేనే ఆగి, ఇది మా కాణిపాకం కథలా ఉందని చెప్పాను. టీచరమ్మ ఆశ్చర్యపోయారు. మా ప్రాంతంలో ఆ కథ తెలియని పిల్లలుండరు. ముగ్గురు అన్నదమ్ములు, ఒకడు గుడ్డి, ఒకడు చెవిటి, ఒకడు మూగ. పొలంలో బావి ఎండిపోతే ఇంకా లోతుకు తవ్వారు. గడ్డపార రాతికి తగిలింది, రాయి నుంచి నెత్తురు చిమ్మింది, బావి నీళ్లు ఎర్రబడ్డాయి, ముగ్గురి అవిటితనం ఒక్కసారిగా పోయింది. ఆ రాయే వరసిద్ధి వినాయకుడు. చిత్తూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున, స్వామి ఇప్పటికీ ఆ నీళ్లలోనే ఉన్నాడు.

కీర్తనలో కళ్లు, చెవులు, నోరు ఉన్నా పనిచేయనివి విగ్రహానివి. కాణిపాకం కథలో అవి మనుషులవి. టీచరమ్మ నన్ను ఎనిమిదో వచనం చదవమన్నారు. "వాటిని చేయువారును వాటియందు నమ్మికయుంచు వారందరును వాటివంటివారై యున్నారు."

"చూశావా, కీర్తనకారుడు కూడా చివరికి మనిషి దగ్గరికే వచ్చాడు. రాయి చూడకపోవడం రాయి తప్పు కాదు. మనిషి చూడకపోవడమే ఆయన బాధ" అన్నారు. మనం దేనికి మొక్కుతామో దానిలా తయారవుతామని ఆ సాయంత్రం నాకు తెలిసింది. డబ్బుకు మొక్కేవాడు డబ్బులాగే ఎవరి గోడూ వినలేడు. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో "విగ్రహారాధనయైన ధనాపేక్ష" అని ఒక మాట ఉంది. ఆశకూ విగ్రహారాధనకూ మధ్య ఆయన గీత కూడా ఉంచలేదు. మా ఇంటికి కొయ్య తెచ్చే చిత్తూరు సాయిబుగారు ఒకసారి ఈ మాటలు విని, ఖురాన్‌లో సూరా ఫుర్ఖాన్ అడుగుతుంది, తన కోరికనే తన దేవుడిగా చేసుకున్నవాణ్ని చూశావా అని, అన్నారు. అందులో కొయ్య లేదు, రాయి లేదు, కోరిక ఒక్కటే.

కాణిపాకం గురించి ఇంకొక సంగతి. మా జిల్లాలో మాట తేలకపోతే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటారు. కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ఎదుట చెప్పినది సత్యమని పెద్దల నమ్మకం. అబద్ధం చెబితే ఏమవుతుందో ఎవరూ వివరించరు. మాధవమాలలోని ఇంటి జాగా గురించి నాన్నకూ, నాన్న అన్నగారికీ తగువు వచ్చినప్పుడు ఇద్దరూ కాణిపాకం బయలుదేరారు. నేనూ వెళ్లాను. పెదనాన్న కోనేట్లో మునిగి లేచాడు. నీళ్లు కారుతున్న పంచెతో గుడి ముంగిట దాకా నడిచాడు. గడప దగ్గర ఆగాడు. లోపల జనం, గంట మోగుతోంది, పూజారి చూస్తున్నాడు. పెదనాన్న వెనక్కి తిరిగి, "వద్దురా, జాగా నువ్వే తీసుకో" అన్నాడు. నాన్న ఏడ్చేశాడు. చివరికి ఇద్దరూ సగం సగం తీసుకున్నారు.

ఆ బాహుదా నదికీ చేతుల కథ ఒకటి ఉంది. మహాభారతం శాంతిపర్వంలో లిఖితుడనే ముని అన్న శంఖుడి ఆశ్రమంలో అడగకుండా పండు కోసుకు తింటాడు. తప్పని అన్న చెప్పగానే రాజు దగ్గరకు పోయి శిక్ష అడుగుతాడు. రాజు మన్నిస్తానన్నా వినడు. చేతులు పోగొట్టుకుని వచ్చి, అన్న చెప్పగా బాహుదాలో మునిగితే చేతులు తిరిగి వస్తాయి. మామిడితోటల దేశంలో పెరిగిన మాకు ఈ కథ చిన్నప్పుడే చెబుతారు.

టీచరమ్మకు పెదనాన్న సంగతి చెప్పాను. ఆమె ఏమంటారోనని నాకు ఆత్రంగా ఉంది. నోరుండీ పలకని విగ్రహం ముందు పెదనాన్న నోట నిజం పలికింది కదా. ఆమె చాలాసేపు ఆలోచించి, "అక్కడ పలికినదెవరో మీ పెదనాన్నకు తెలుసు. ఆ గొంతు ఆయనకు మాధవమాలలోనూ వినిపించే ఉంటుంది. గడప దాకా వచ్చాక తప్పించుకోలేకపోయాడు" అన్నారు. ఆ జవాబు నాకు ఇన్నేళ్లుగా తోడుగా ఉంది. గుడి గొప్పతనాన్ని ఆమె తీసివేయలేదు, తన విశ్వాసాన్నీ వదులుకోలేదు. మా పెదనాన్న అంతరాత్మకు మాత్రం దక్కవలసిన గౌరవం ఇచ్చారు.

యెహెజ్కేలు పద్నాలుగో అధ్యాయం ఆమెకు అన్నిటికన్నా ఇష్టం. ప్రవక్త ఎదుట కొందరు వచ్చి కూర్చుంటారు. వాళ్లు పరాయి మతంవాళ్లు కారు, ఇశ్రాయేలు పెద్దలే. చేతుల్లో ఏ బొమ్మా లేదు. దైవవాక్కు కోసమే వచ్చారు. అప్పుడు ప్రవక్తకు వినబడుతుంది, ఈ మనుషులు తమ హృదయాల్లోనే విగ్రహాలు నిలుపుకున్నారని. "ఈ అధ్యాయం చదివాక పక్కింటివాడి పూజగది వైపు వేలు చూపించడానికి నాకు వేలు లేవదు" అనేవారు టీచరమ్మ. తన చర్చిలో కొందరికి ఈ మాట నచ్చేది కాదని కూడా చెప్పేవారు. ఆమె ఒప్పించడానికి ప్రయత్నించలేదు. చదవమనేవారు, అంతే.

నిర్గమకాండం ముప్పై రెండో అధ్యాయంలో బంగారు దూడ కథ అందరికీ తెలిసిందే. ఇశ్రాయేలు జనాన్ని నడిపించే మోషే కొండ మీద ఆలస్యం చేశాడు. జనం ఓర్చుకోలేకపోయారు. భార్యల, కొడుకుల, కూతుళ్ల చెవిపోగులు తెచ్చి మోషే అన్న అహరోను చేతిలో పోశారు. అతడు పోగరతో, అంటే చెక్కే పనిముట్టుతో, రూపం దిద్ది దూడను చేశాడని నాలుగో వచనంలో స్పష్టంగా ఉంది. మోషే దిగివచ్చి నిలదీస్తే అదే అహరోను ఇరవై నాలుగో వచనంలో ఏమంటాడు? బంగారం అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది! ఈ వాక్యం చదివినప్పుడు టీచరమ్మ నా చేయి పట్టుకుని, "నీలో ఏ దూడ ఎప్పుడు తయారైనా అది తానుగా వచ్చిందని చెప్పకు నాయనా. చెవిపోగులు ఎవరివో, పోగర ఎవరి చేతిలో ఉందో చూసుకో" అన్నారు. నా మనసులో మార్కులకు ఒక పీఠం ఉండేది. తరువాత ఉద్యోగంలో హోదాకు ఉండేది. ఇంకా తరువాత, నలుగురిలో నా మాట నెగ్గాలనే పట్టుదలకు. ప్రతిసారీ అది పరిస్థితుల వల్ల వచ్చిందనే అనిపిస్తుంది. ప్రతిసారీ అహరోను గొంతు గుర్తుకొస్తుంది. కోపం వచ్చిన క్షణంలో ఆగి, ఇప్పుడు నాలో ఎవరికి అవమానం జరిగింది, ఏ పీఠం కదిలింది అని అడిగి చూస్తే జవాబు వెంటనే దొరుకుతుంది. అంతర్ముఖంగా ఉండడమంటే నాకు తెలిసినది ఇదే. కళ్లు మూసుకుని కూర్చోవడం నాకు ఎప్పుడూ సరిగా కుదరలేదు, ఈ ప్రశ్న మాత్రం కుదిరింది.

మంచిది కూడా విగ్రహమైపోగలదని రాజుల రెండో గ్రంథం చెబుతుంది. అరణ్యంలో పాము కాటుకు మందుగా, దైవాజ్ఞతోనే మోషే చేసిన ఇత్తడి సర్పం అది. తరాలు గడిచాక జనం దానికి ధూపం వేయసాగారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. తాతకు ఇది విని గంగజాతర గుర్తుకొచ్చింది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చివర, గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. ఆ రూపాన్ని చూడడానికి రాత్రంతా మేలుకుంటారు. తెల్లవారుజామున చెంప నరుకుతారు. అంతే, రూపం పోయింది, మట్టి మిగిలింది. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. "చేసినవాళ్లమే తీసేస్తామమ్మా, ఏటేటా. రూపాన్ని పట్టుకుని వేలాడకూడదని గంగమ్మే నేర్పింది" అన్నాడు తాత. "మట్టిని పట్టుకుని వేలాడుతున్నారు కదా" అన్నారు టీచరమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

టీచరమ్మ పుట్టిల్లు మదనపల్లె. అప్పటికి అది చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ ఊళ్లో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గురించి ఆమెకు ప్రత్యేకమైన గౌరవం. జగద్గురువుగా నిలబెట్టడానికి ఒక సంఘమే ఏర్పడి వేలమంది ఎదురుచూస్తుంటే, ఆయన 1929లో నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో ఆ సంఘాన్ని తానే రద్దు చేశారు. మనిషి తనను విగ్రహంగా చేయనివ్వకపోవడం ఎంత కష్టమో ఆమె టీచరుగా చెప్పేవారు. పిల్లలు టీచరును చాలా తొందరగా పీఠమెక్కిస్తారట.

2018 ఆగస్టులో తిరుమలలో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం జరిగింది. గర్భాలయంలో మరమ్మతుల కోసం పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే క్రతువది. మూలమూర్తిలోని కళలను, అంటే దైవశక్తిని, ఆవాహన చేసి కుంభంలోకి తీసుకుంటారు, పని పూర్తయ్యాక తిరిగి మూర్తిలోకి చేరుస్తారు. ఆ వార్తలు చదువుతుంటే తాతా, టీచరమ్మా బతికి ఉంటే ఎంత మాట్లాడుకునేవారో అనిపించింది. రాయి వేరు, రాతిలోకి పిలిచినది వేరు అని ఆగమమే క్రతువుగా చేసి చూపిస్తోందని తాత అనేవాడు. పిలిచినవాడి మనసు ఆ సమయంలో ఎక్కడుందని టీచరమ్మ అడిగేవారు. చిత్తశుద్ధి లేని శివపూజ ఎందుకని మనవాళ్లు అడిగినదీ అదే కదా.

యెషయా గ్రంథంలోనే నలభై ఆరో అధ్యాయం దగ్గర వాళ్లిద్దరి వాదం ఇంకొక మలుపు తిరిగింది. బబులోను దేవతలు బేలు, నెబో పశువుల వీపుల మీదికి ఎక్కాయి. మోసే పశువులు బరువుకు క్రుంగిపోతున్నాయి. వెంటనే దేవుడు తన ప్రజలతో అంటాడు, "ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే, తలవెండ్రుకలు నెరయువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే." అప్పటికి టీచరమ్మ మంచం దిగడం తగ్గిపోయింది. ఆ వచనాన్ని రోజూ చదివించుకునేవారు.

"నువ్వు మోస్తున్నదేది, నిన్ను మోస్తున్నదేది, ఈ రెండూ తేల్చుకోవాలి ఆచారిగారూ" అన్నారు ఒకరోజు.

తాత తల ఊపలేదు. "మోసేటప్పుడు కూడా ఆయనే మోస్తాడు టీచరమ్మగారూ. వాహనం కింద భుజం పెట్టినవాణ్ని అడగండి."

"నాకు ఎవరు తెలుసు? మీరే అడిగి చెప్పండి."

తాత అడిగి రావడంతో సరిపెట్టుకోలేదు. గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో వాహనం మోసే ఒక పెద్దాయనను వెంటబెట్టుకుని ఆమె ఇంటికే తీసుకొచ్చాడు. భుజం మీద కాయ కాచి నల్లబడిన మనిషి. గుమ్మంలో నిలబడి లోపలికి రావడానికి మొహమాటపడ్డాడు. టీచరమ్మ కుర్చీ వేయించి, తన ప్రశ్న సూటిగా అడిగారు. మోస్తున్నప్పుడు లోపల ఏముంటుంది అని.

"ఎత్తేటప్పుడు బరువే తల్లీ, ఎముకలు తెలుస్తాయి. గరుడ సేవనాడు జనం గోవిందా అంటుంటే, నాలుగు అడుగులు పడ్డాక, నేను నడుస్తున్నానో నడిపిస్తున్నారో తెలియదు. దించాక మళ్లీ నొప్పి తెలుస్తుంది" అన్నాడాయన. కొంచెం ఆగి, "అందరికీ ప్రతిసారీ అట్లా ఉండదు. మనసు ఇంటి గొడవల మీద ఉంటే మొదటి నుంచి చివరి దాకా బరువే" అన్నాడు.

టీచరమ్మ తల ఊపారు. "ఈయనకు ఆ వచనం చదివి వినిపించు" అన్నారు నాతో. చదివాను. ముదిమి అంటే ముసలితనమని తాత పక్కనుంచి చెప్పాడు. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. రెండోసారి విన్నాక, ఆ ఒక్క ముక్కా కాగితం మీద రాసివ్వగలవా బాబూ అని అడిగాడు. నా నోటుపుస్తకం మధ్య కాగితం చింపి గుండ్రని అక్షరాలతో రాసిచ్చాను. తనకు చదువు రాదనీ, కొడుకు చేత చదివించుకుంటాననీ చెప్పి, మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "మీ పుస్తకంలో ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా తల్లీ?" అని టీచరమ్మను అడిగాడు. ఉన్నాయన్నారు ఆమె. శనివారం సాయంత్రం మళ్లీ వస్తానన్నాడు.